సిగెత్ కావ్యము – జ్రీని వంశము

హంగరీ వీరకావ్యములలో జ్రీని మిక్లోష్ (1620–1664) రచించిన ‘సిగెత్ విపత్తు’ సుప్రసిద్ధము. (ఆ దేశీయులును మనవలెనే ఇంటిపేరును ముందు చెప్పుదురు.) 1566లో తురుష్క చక్రవర్తి సులేమాను ముట్టడించిన సిగెత్వార్ కోటను రక్షించుచు మడిసిన కవి ముత్తాత ఇందు నాయకుడు, అతని పేరును మిక్లోషే. పదునైదు సర్గల ఈ కావ్యము 1651లో వియన్నాలో అచ్చయినది.

చరిత్రలో సులేమాను కోట పడుటకు ముందే తన శిబిరమున రోగముచే మరణించెను. మంత్రి ఆ వార్తను సైన్యమునకు తెలియనీయలేదు. కావ్యమున నన్ననో, తుదిసర్గలో నాయకుడే అతనిని స్వహస్తముతో వధించును. వంశాభిమానముచే కవి చరిత్రను మార్చినాడనుట సులభము. మేమును మొదట అట్లే తలచితిమి. కాని కావ్యారంభమును మరల చదివిన పిమ్మట ఆ తలంపు నిలువలేదు. అందు భగవంతుడు హంగరీయుల పాపములకు కినిసి, వారిని దండించుటకై సులేమానును ప్రేరేపింపజేయును. అతడు దైవదండమునకు సాధనము మాత్రమే. జాతిపాపము నాయకుని ఆత్మబలిచే తీరినపుడు ఆ సాధనమును విరుగవలెను. శయ్యపై మరణించిన సులేమానుతో ఈ కథ ముగియదు. రసమునకు ప్రతికూలమైన ఇతివృత్తాంశమును విడిచి వేరొకటి కల్పించుకొనుటకు ఆనందవర్ధనుడు కవికి స్వేచ్ఛ నిచ్చినది ఇట్టి తావులందే. అట్లని కవి శత్రువును కించపరుపలేదు. సులేమాను ప్రజ్ఞను ధారాళముగ కొనియాడెను. నాయకుని సమీపించు సాహసము ఎవ్వరికిని లేక తురుష్క సైనికు లతనిని తుపాకులతో కూల్చుట మిక్కిలి ఉచితముగ నున్నది. దెలిమాన్, కుమిల్లల ప్రణయఘట్టము మాత్రము మాకు రుచింపలేదు. అందు టాసో వాసన హెచ్చు.

నాయకుడు హాబ్స్‌బర్గు ప్రభువు కొలువున ప్రాణము లర్పించెను. చక్రవర్తి మాక్సిమిలియన్ సేన మాత్రము గ్యోర్ వద్దనే నిలిచి, సిగెత్వార్‌కు రాలేదు. కవి 1664లో వేటలో అడవిపంది వాత పడెను. ఆ యేటనే హాబ్స్‌బర్గులు తురుష్కులను గెలిచియు, వారికే అనుకూలముగ వాష్వార్ సంధి చేసికొనిరి. అందులకు కినిసి కుట్రలో చేరిన కవి సోదరుడు పేతర్ 1671లో శిరశ్ఛేదము నొందెను. అన్న కావ్యమును క్రొయేషియా భాషలోనికి పరివర్తించి, 1660లో వెనిస్‌లో ప్రకటించినవా డీతడే. ఇతని కూతురు ఇలోనా 1685 మొదలు 1688 వరకు మున్కాచ్ కోటను హాబ్స్‌బర్గు సేనలకు లొంగనీయలేదు. ఆమె కుమారుడు రాకోత్సి ఫెరెన్స్ 1703–1711 నాటి తిరుగుబాటునకు నాయకుడు.

రాజభక్తుని కీర్తించిన యింట రాజద్రోహులు పుట్టుట వింతగ తోచును. ఐదవ సర్గలో నాయకుడు తన యోధులకు చెప్పిన మాటలను చూడుడు. అతడు వారిని ప్రధానముగ మతముకొరకును, స్వదేశముకొరకును, ఆలుబిడ్డలకొరకును పోరుమనును. ప్రభువుపేరు ఆ ప్రబోధమునకు ప్రాణము కాదు. పేతర్ ఆ సర్గను తన భాషలో మరల వ్రాసినవాడు.