కప్పు మీద పరుగు

లుపిన్ కోట పైకప్పు మీద ఉంటాడు. ఎదుటి బురుజులో క్లారిస్ అనే రాచపిల్ల బందీగా ఉంది. అక్కడికి తాడు విసరడానికి తెచ్చిన చిన్న రాకెట్ కాస్తా చేజారి వాలు మీద దొర్లుతుంది. పట్టుకోబోయి రెండడుగులు వేస్తాడు. అవి నాలుగవుతాయి, ఇక కాళ్లు ఆగవు. కప్పు అంచు రానే వచ్చింది. చేసేదేముంది, ఎగురుతాడు! ఇంకో కప్పు మీద పడి, అదే ఊపులో మళ్లీ గెంతి బురుజు గోడకు బల్లిలా అతుక్కుంటాడు.

'కాగ్లియోస్ట్రో కోట' సినిమాలోది ఈ దృశ్యం. 1979 డిసెంబరులో విడుదలైంది. హయావో మియాజాకి దర్శకత్వం వహించిన మొదటి పూర్తి నిడివి చిత్రం ఇదే. మంకీ పంచ్ 1967లో మొదలుపెట్టిన బొమ్మల కథల్లోని గజదొంగ లుపిన్. ఫ్రెంచి రచయిత మారిస్ లెబ్లాఁ సృష్టించిన ఆర్సేన్ లుపిన్‌కు మనవడన్నమాట. బొమ్మల కథల్లో మహా కొంటెవాడు. మియాజాకి చేతిలో పడ్డాక మనసున్న దొంగ అయ్యాడు. అది నచ్చనివాళ్లూ ఉన్నారు. నాకు మాత్రం ఈ లుపినే ఇష్టం.

అంత దూరం ఏ మనిషీ ఎగరలేడు. అయినా నమ్ముతాం. ఎందుకంటే గెంతుకు ముందున్న పరుగు నిజం. వాలు మీద జారే ఒంటి బరువు, తడబడి వేగం పుంజుకునే కాళ్లు, ఆపుకోలేని కంగారు, అన్నీ మనకు తెలిసినవే. సెకనుకు 24 ఫ్రేములు నడిచే తెరకు ఆ బరువునంతా చేత్తో గీసి తెచ్చారు. అబద్ధానికి ముందు అంత నిజం పోగుచేస్తేనే నవ్వు పుడుతుంది. ఈ సినిమాలోని తేలికదనమంతా ఆ బరువు మీదే నిలబడింది.

వస్తువుల విషయంలోనూ అంతే. లుపిన్ నడిపే పసుపుపచ్చ ఫియట్ 500 ఊహలోంచి ఊడిపడలేదు. యానిమేషన్ దర్శకుడు యసువో ఒత్సుకా సొంతంగా నడిపిన కారు అదే రకం. గాయపడి లేచిన లుపిన్, ఒంట్లో రక్తం పట్టాలని ఎదుటనున్న తిండంతా రెండు చేతులా నోట్లో కుక్కుకుంటాడు. ఆకలి కూడా బొమ్మల్లో అంత నిజంగా ఉంటుంది.

ఇక కోట. సరస్సు, నీటి కాలువ, గడియారపు బురుజు ముందు వట్టి అందమైన దృశ్యాల్లా కళ్ల ముందు కదిలిపోతాయి. తరువాత కాలువే లోపలికి దారి, బురుజులోని పళ్లచక్రాలే పోరాట రంగం. చివరకు సరస్సు అడుగున ఏముందో తెలిసేసరికి కోట మ్యాపు మన మనసులో అచ్చయి ఉంటుంది. అందుకే ఎంత హడావుడి పరుగులోనైనా ఎవరెక్కడున్నారో తికమక పడం.

పిల్లలతో కూర్చుని చూడండి. అయిపోయాక ఆ కప్పు మీది పరుగును శబ్దం తీసేసి మరోసారి వేయండి. ఆ కాళ్లను మాత్రమే చూడండి.