స్థలనిర్ణయము - సంకల్పము: బుల్లార్డు గ్రంథ విమర్శ

రాబర్టు బుల్లార్డు 1990లో ప్రకటించిన 'డంపింగ్ ఇన్ డిక్సీ' సమాజశాస్త్ర గ్రంథము. డిక్సీ యనగా అమెరికా దక్షిణరాష్ట్రములకు వాడుకపేరు. అపాయకరములైన కర్మాగారములును, చెత్త పూడ్చు స్థలములును నల్లజాతివారి పేటలకే ఏల చేరినవని యిందలి ప్రశ్న. 'వెలివాడ' యను మాటలోనే స్థలనిర్ణయ మిమిడియున్న భాష మనది; మనకీ ప్రశ్న కొత్త కాదు, దానికి లెక్క కట్టుట కొత్త.

గ్రంథమునకు బీజ మొక వ్యాజ్యము. 1979లో టెక్సాసులోని హ్యూస్టను నగరమున, నల్లజాతివారే యెక్కువగా గల యొక పేటలో ఒక ప్రైవేటు సంస్థ చెత్తను పూడ్చబూనగా ఆ గృహస్థులు న్యాయస్థానము కెక్కిరి. వారి న్యాయవాది బుల్లార్డునకు నాటి భార్య. ఆమె కోరికపై ఆయన నగరమందలి పూర్వపు చెత్తస్థలముల నన్నింటిని వెదకి పట్టికలు వేసెను. నగరసంస్థకు చెందిన 5 పూడ్చు స్థలములును, 8 దహనశాలలలో 6ను నల్లవారి పేటలలోనే యుండెను; వారు జనసంఖ్యలో సుమారు నాల్గవవంతు మాత్రమే. న్యాయమూర్తి ఆ నిర్ణయము విచారకరమని యొప్పుకొనుచునే, వివక్ష సంకల్పపూర్వకమని రుజువు కాలేదు గనుక పని నాపుటకు నిరాకరించిరి. ధర్మమునకును, కోర్టుతీర్పునకును మనము న్యాయమను ఒక్క పదమునే వాడుదుము. ఆ రెంటి నడిమి యెడము ఈ వ్యాజ్యమున గనబడినంత స్పష్టముగా గ్రంథములోని సిద్ధాంతభాగమున గనబడదు.

1994లో విక్కీ బీన్ అను న్యాయశాస్త్రజ్ఞురాలు బలమైన యాక్షేపణ తెచ్చిరి: ముందు వచ్చినది చెత్తయా, జనమా? చెత్త వచ్చిన పిదప ఇండ్ల ధరలు పడి పేదలు చేరియుండవచ్చును గదా! హ్యూస్టను లెక్కలనే ఆమె మరల పరిశీలించి, స్థలనిర్ణయమందును అసమానత కలదనియు, తరువాతి మార్పులు దానిని పెంచినవనియు తేల్చిరి.

ఈ ప్రశ్నకు కొంత సమాధానము బుల్లార్డు గ్రంథముననే కలదు. హ్యూస్టను లెక్కకు దక్కిన ప్రాధాన్యము దానికి దక్కలేదని నా యభిప్రాయము. వెస్టు వర్జీనియాలోని ఇన్‌స్టిట్యూటు అను ఊరు, 1891లో నల్లజాతివారికై స్థాపింపబడిన కళాశాల నాశ్రయించి యున్నది. రసాయన కర్మాగారము వచ్చినది రెండవ ప్రపంచయుద్ధకాలమున. అచట జనము ముందు, విషము వెనుక. తరువాత యూనియన్ కార్బైడు సంస్థ 1984లో భోపాలున వేలమందిని బలిగొన్న మిథైల్ ఐసోసయనేటునే అచటను తయారుచేసెను. 1985 ఆగస్టులో ఆ కర్మాగారము నుండియు విషవాయువు వెలువడి నూరుమందికి పైగా ఆసుపత్రి పాలైరి. ఒక్క ఊరితో శాస్త్రము తేలదు, నిజమే. ఐనను ఐదు జనావాసములను పరిశీలించిన గ్రంథమున ఈ యొక్కదాని భూమిచరిత్ర నైనను దస్తావేజులతో సాంతముగా వ్రాసియుండిన, బీన్ ప్రశ్నకు నాలుగేండ్లు ముందే ఒక జవాబు దొరికి యుండెడిది.