మొగ్గ బొమ్మ కాదు, అల్లికే

ఎస్తోనియా పడమటి తీరంలో హాప్సలు అనే చిన్న పట్టణం ఉంది. 19వ శతాబ్దంలో అక్కడి బురద స్నానాల కోసం విడిదికి వచ్చేవాళ్లకు అమ్మడానికి స్థానిక స్త్రీలు సన్నని ఊలుతో లేసు శాలువలు అల్లేవారు. వాటిలో బాగా పేరుపడ్డది లిల్లీ ఆఫ్ ది వ్యాలీ నమూనా: వంగిన కాడకు వరసగా వేలాడే చిన్నచిన్న పూలు. శాలువను ఉంగరంలోంచి దూర్చి దాని సన్నదనాన్ని మెచ్చుకోవడం పరిపాటి. కానీ అసలు గొప్పతనం సన్నదనంలో కన్నా నిర్మాణంలో ఉంది. ఎంబ్రాయిడరీలో ముందు బట్ట, తర్వాత పువ్వు. ఇక్కడ రెండూ ఒకే పోగుతో ఒకేసారి పుడతాయి. పువ్వును విప్పితే బట్టే విడిపోతుంది.

లేసుకు మూలం రెండు పనులు. సూదిమీద దారం ఒక చుట్టు వేస్తే రంధ్రం పడుతుంది, ఒక కుట్టు పెరుగుతుంది. రెండు కుట్లు కలిపి అల్లితే ఆ పెరిగిన కుట్టు తగ్గి లెక్క సరిపోతుంది. కలిపిన కుట్టు కుడికో ఎడమకో వాలుతుంది. ఆ వాలును వరస తర్వాత వరస కొనసాగిస్తే అదే కాడ అవుతుంది, ఆకు అంచు అవుతుంది. ఎస్తోనియాలో నుప్ అనే మొగ్గ పని ఇంకా సూక్ష్మం. ఒకే కుట్టులోంచి ఒక అల్లిక, ఒక చుట్టు చొప్పున ఏడు కుట్లు వదులుగా తీస్తారు. తిరుగు వరసలో ఆ ఏడింటినీ కలిపి ఒక్క పర్ల్ (తిరగేసి అల్లే) కుట్టు చేస్తారు. ముందు వరసలో చెయ్యి కాస్త బిగిసినా సూదిమొన వాటిలోంచి దూరదు. మధ్య భాగాన్నీ లేసు అంచునూ విడివిడిగా అల్లి కుడతారు. తర్వాత ఉతికి, చట్రానికి సాగదీసి ఆరబెడతారు. అప్పటిదాకా ముడుచుకున్న నమూనా అప్పుడే విచ్చుకుంటుంది.

కాడ మరింత ఉబ్బెత్తుగా రావాలనుకునే నేటి రూపకర్తలు లేసుకు కేబుల్ జోడిస్తున్నారు. కొన్ని కుట్లను చిన్న అదనపు సూదిమీదికి తీసి, ముందో వెనకో ఉంచి, తర్వాతి కుట్లను ముందుగా అల్లితే మెలిక పడుతుంది. ఐర్లండ్ ఆరన్ దీవుల స్వెటర్లకు పేరు తెచ్చింది ఈ మెలికలే. చిక్కేమిటంటే కేబుల్ బట్టను దగ్గరికి లాగి మందం చేస్తుంది, లేసు దాన్ని విప్పి పరుస్తుంది. అందుకే కేబుల్ వచ్చేచోట కుట్లు పెంచాలి, లేకపోతే శాలువ అక్కడ కుచించుకుపోతుంది. మొక్క రూపం గీసేవాళ్లు ఊలు స్వభావాన్ని కూడా లెక్కలోకి తీసుకోక తప్పదు.

విడిదివాళ్లకు అమ్మడానికి పెరిగిన పనిని సంప్రదాయం అనవచ్చా అని కొందరు అడుగుతారు. అనవచ్చు. కొనేవాళ్లు ఉన్నందువల్లే నమూనాలు పెరిగాయి, తల్లులనుంచి కూతుళ్లకు అందాయి. 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా వచ్చిన నరసాపురం క్రోషే లేసు కూడా దూరదేశాల కొనుగోళ్లతోనే గోదావరి ఊళ్లలో ఇంటింటి పని అయింది. మార్కెట్‌వల్ల కళకు మచ్చ రాదు. అల్లిన చేతికి కూలి గిట్టకపోవడమే అసలు అన్యాయం. నరసాపురం స్త్రీల విషయంలో ఆ అన్యాయాన్ని సామాజిక శాస్త్రవేత్త మారియా మీస్ 1982లో పుస్తకంగా లోకం ముందు పెట్టారు.

యంత్రం ఇంతకన్నా త్వరగా, చవకగా లేసు అల్లుతుంది కదా అన్నది రెండో అభ్యంతరం. నిజమే, చలికి కప్పుకోవడానికి అది చాలు. కానీ ప్రతి మొగ్గ దగ్గరా దారం ఎంత వదలాలో నిర్ణయించే వేళ్ల తెలివి చేత్తో అల్లుతుంటేనే నిలుస్తుంది. రాసిన చార్టు కుట్ల లెక్క చెబుతుంది, బిగువు చెప్పలేదు. ఆ తెలివి బతకాలంటే ప్రదర్శనశాలలో శాలువ ఒక్కటీ చాలదు. కొనేవాళ్లు గంటల శ్రమకు తగిన ధర ఇవ్వాలి, నేర్చుకునేవాళ్లు పక్కన కూర్చోవాలి.