వార్త కాని ముచ్చట: సంఘం రేడియో సంభాషణలు – ఒక పరిశీలన

తెలుగులో రేడియో ప్రక్రియలపై వచ్చిన విమర్శ ఎక్కువగా నాటిక, ప్రసంగం, లలితగీతం చుట్టూ తిరిగింది. ఈ మూడింటికీ రచయిత ఉంటాడు, వ్రాతప్రతి ఉంటుంది. వ్రాతప్రతి లేకుండా ఇద్దరు ముగ్గురు కూర్చొని మాట్లాడుకొనే ముచ్చటను ప్రక్రియగా గుర్తించడానికి విమర్శ సందేహించింది. నేటి సంగారెడ్డి జిల్లా జహీరాబాదు ప్రాంతంలోని మాచ్నూరు కేంద్రంగా నడిచిన సంఘం రేడియో ఆ సందేహాన్ని ప్రశ్నిస్తుంది.

దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల ఈ కేంద్రం 2008 అక్టోబరు 15న ప్రసారాలు ప్రారంభించింది. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ అనే దళిత మహిళలు దీనిని నిర్వహించారు. అంతకు సుమారు పదేళ్ల ముందే యునెస్కో సహకారంతో స్టూడియో ఏర్పడింది. లైసెన్సు లేకపోవడంతో రికార్డు చేసిన క్యాసెట్లను ఊళ్లలో సంఘం సమావేశాల్లో వినిపించేవారు. విన్నవారు అక్కడికక్కడే బదులు చెప్పగలిగిన ఆ దశ తరువాతి ప్రసారాల తీరును చాలావరకు నిర్ణయించిందని భావించవచ్చు.

వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2006 నాటి సామాజిక రేడియో విధానం స్వచ్ఛంద సంస్థలకు లైసెన్సు పొందే వీలు కల్పించింది. అయితే వార్తలు, వర్తమాన వ్యవహారాలు ప్రసారం చేయరాదని అదే విధానం నిషేధించింది. ఫలితంగా ఊరి వర్తమానం పండుగలోకి, పంటలోకి, జ్ఞాపకంలోకి చేరింది. దీనిని నిషేధాన్ని తప్పించుకొనే ఉపాయంగా మాత్రమే చూడడం పొరపాటు. పైరు కడుపుతో ఉన్న వేళ జరుపుకొనే శూన్యం పండుగ గురించి మాట్లాడడమంటే, ఆ పండుగకు కావలసిన పంటలు నేడు ఎవరి చేనులో ఉన్నాయని అడగడమే. వార్త ఈ రోజుతో ముగుస్తుంది. ముచ్చట అవ్వ కాలం దాకా వెళ్లి తిరిగివస్తుంది.

డబ్బు విషయంలో ఈ లక్షణం మరింత స్పష్టం. సంఘాల విత్తన నిధిలో తీసుకొన్న విత్తనానికి పంట వచ్చాక ఎక్కువ కొలిచి తిరిగి ఇస్తారు. ఇదీ అప్పే. కాని ఇందులో తాకట్టు లేదు, రూపాయి లేదు. తిరిగి వచ్చిన గింజ మరొక ఇంటి విత్తనమవుతుంది. ‘అప్పు’ అనే ఒకే మాట షావుకారి పద్దులో ఒక అర్థాన్ని, సంఘం కొట్టులో మరొక అర్థాన్ని పొందుతుంది. కొర్ర, సామ, తైదల పేర్లు వరుసగా పలకడం జానపద సామగ్రిగా కనిపించవచ్చు. నిజానికి అది ఆస్తుల లెక్క. సంస్కృతి, చరిత్ర, ఆర్థికం అని అధ్యాయాలుగా విడదీసే పరిశోధన ఇక్కడే ఎక్కువ నష్టపోతుంది.

భాష మరొక చిక్కు. జహీరాబాదు తెలుగులో సరిహద్దు కన్నడం, ఉర్దూ కలిసి పలుకుతాయి. సంభాషణను లిప్యంతరం చేసేటప్పుడు ‘ఇత్తనం’ విత్తనంగా, ‘సంగం’ సంఘంగా మారుతుంది. (ఈ వ్యాసం కూడా ఆ దోషానికి అతీతం కాదు.) ఇంకా తీవ్రమైనది మౌనాన్ని తొలగించడం. అప్పు మాట వచ్చినప్పుడు మాట్లాడే మనిషి ఆగడం, ఎదుటివారు ‘ఊఁ’ కొట్టడం, ఇద్దరూ ఒకేసారి అందుకోవడం కాగితంపై నిలవవు. ఊఁకొట్టే మనిషి లేకపోతే అది ఉపన్యాసమే.

ఈ ప్రసారాలను కేవలం సాధికారతకు నిదర్శనంగా మెచ్చుకోవడం కూడా విమర్శ కాదు. నిర్వాహక సంస్థకు చిరుధాన్యాలు, సొంత విత్తనం, రసాయనాలు లేని సాగు పట్ల స్పష్టమైన నిబద్ధత ఉంది. అదే ప్రాంతంలో చెరకు, పత్తి వేసే రైతులున్నారు. వారి ఆశకు, భయానికి మైకు ముందు ఎంత చోటు దక్కింది? ఒక సంభాషణలో ఎవరు ప్రశ్న వేశారు, ఎవరు మాట మార్చారు, ఎవరి మాట మధ్యలో ఆగింది అని పరిశీలించినప్పుడే దీనికి సమాధానం దొరుకుతుంది. అందుకు పరిశోధకుడు అచ్చుప్రతిని పక్కనపెట్టి, రికార్డింగునే మూలపాఠంగా స్వీకరించాలి.