రిఫ్రిజిరేటరు దోషముల పట్టిక: ఒక విమర్శ

రిఫ్రిజిరేటరు కొన్నవారికి యంత్రముతోపాటు ఒక చిన్న పుస్తకము కూడ లభించును. దాని చివరి పుటలలో సాధారణముగా ఒక పట్టిక ఉండును. ఒక వరుసలో దోషము, ప్రక్కన కారణము, ఆ ప్రక్కన చేయవలసిన పని. యంత్రము సరిగా నడచినంతకాలము ఈ పుటలను ఎవరును తెరువరు. పాలు విరిగిననాడు మాత్రము ఇంటిల్లిపాది వానినే వెదకుదురు. కనుక ఈ పట్టిక ఎంతవరకు ఉపయోగకరమో, ఎచ్చట లోపభూయిష్ఠమో విచారించుట అవసరము.

మొదట గుణము చెప్పవలెను. ప్లగ్గు బిగువుగా ఉన్నదా, తలుపు పూర్తిగా పడినదా, యంత్రము నాలుగు కాళ్ళపైన సమముగా నిలిచినదా అని సులభమైన ప్రశ్నలతో ప్రారంభించుట మంచి పద్ధతి. మెకానిక్కును పిలువకముందే తీరిపోవు చిక్కులు అనేకము కలవు.

అయితే పట్టిక ఆజ్ఞలనే ఇచ్చును గాని హేతువులను చెప్పదు. “గోడకు ఎడముగా ఉంచుడు”, “వేడి వస్తువులు పెట్టకుడు”, “మంచు పేరుకొననీయకుడు” అను మాటలు ఒకదానితో ఒకటి సంబంధము లేనట్లు కనిపించును. నిజమునకు వీనినన్నిటిని కలుపు సూత్రము ఒక్కటే. రిఫ్రిజిరేటరు చల్లదనమును పుట్టించదు. లోపలి ఉష్ణమును బయటికి మోయును.

మట్టి కూజాలో నీరు చల్లబడుట అందరెరిగినదే. నీరు ఆవిరియగుచు ఉష్ణమును గ్రహించును. కూజానుండి ఆవిరి గాలిలో కలిసిపోవును. రిఫ్రిజిరేటరులో మాత్రము లోపలి గొట్టములలో ఆవిరియైన ద్రవమును కంప్రెసరు పీల్చి అదుముచున్నది. ఆ ఆవిరి బయటి గొట్టములలో తన ఉష్ణమును వదలి మరల ద్రవమై, సన్నని గొట్టముద్వారా లోపలికి వచ్చును. 1834లో జేకబ్ పెర్కిన్స్ ఇంగ్లండులో పేటెంటు పొందిన యంత్రమునకును, నేటి యంత్రమునకును మూలసూత్రము ఇదియే.

ఇది తెలిసినవానికి పట్టికలోని వరుసలన్నియు నాలుగు ప్రశ్నలుగా కుదించుకొనును. ఉష్ణము లోనికి అధికముగా వచ్చుచున్నదా? తలుపు అంచున గల రబ్బరు పట్టీ వదులైన యెడల వచ్చును. తలుపు సందున కాగితము నుంచి లాగినచో ఏ పట్టును లేక జారివచ్చు తావున పట్టీని అనుమానింపవలెను. లోపలి ఉష్ణమును గొట్టములు గ్రహించుట లేదా? వానిపై మంచు మందముగా పేరుకొన్న యెడల గ్రహించలేవు. అల్యూమినియముతో పోల్చిన మంచుగడ్డ సుమారు నూరవ వంతు మాత్రమే ఉష్ణమును ప్రసరింపజేయును. గ్రహించిన ఉష్ణము బయటికి పోవుట లేదా? వెనుక గొట్టములపై దుమ్ము పేరుకొన్నను, గోడ మరీ దగ్గరైనను అట్లగును. మోయు సాధనమే ఆగినదా? అపుడు విద్యుత్తును, కంప్రెసరును పరీక్షింపవలెను.

ఈ ప్రశ్నలు లేనందువలన కలుగు నష్టమునకు ఒక ఉదాహరణ చాలును. మంచు తనంతట కరిగిపోవు ఏర్పాటుగల అనేక యంత్రములలో చల్లని గొట్టములు పై అరయందే ఉండును. ఒక చిన్న ఫ్యాను ఆ చల్లగాలిని క్రిందికి పంపును. పై అరలో ఐసు గట్టిగా ఉండి క్రింద పాలు విరిగినచో, చల్లదనము తయారగుచున్నది గాని క్రిందికి చేరుట లేదని అర్థము. గాలి దారిని గిన్నెలు మూసి ఉండవచ్చును, ఫ్యాను ఆగి ఉండవచ్చును, మంచు కరిగించు హీటరు చెడి ఉండవచ్చును. అపుడు “చల్లదనపు మీటను పెంచుడు” అను సలహా రోగము నెరుగని మందు.

అసంపూర్ణమైన ఆజ్ఞ ఒకొక్కప్పుడు ప్రమాదకరము కూడ. వేడి వస్తువులు పెట్టవలదనుట న్యాయమే. రెండు లీటర్ల సాంబారును నీటివలె భావించినచో, 80 డిగ్రీలనుండి 30 డిగ్రీలకు చల్లబడుటకు 1,00,000 కెలోరీలు వదలవలెను. అది ఒకటింపావు కిలోగ్రాముల మంచుగడ్డను కరిగించు ఉష్ణము. కాని ఎంతసేపు బయట ఉంచవచ్చునో పట్టిక చెప్పనిచో, గృహిణి అన్నమును రాత్రి అంతయు బయటనే ఉంచవచ్చును. ఉడికినను చావని బీజములుగల బాక్టీరియాలు అన్నములో వృద్ధిపొందును. వానిలో కొన్నిటి విషము తిరిగి వేడిచేసినను నశింపదు. వాసన చూచి దానిని కనుగొనలేము. వెడల్పైన పళ్ళెములలో పలుచగా పరచి, త్వరగా చల్లార్చి, రెండు గంటలలోపల లోపల పెట్టుడని వ్రాసిననే ఆ ఆజ్ఞ పూర్తియగును.

చేయరాని పనులను పట్టిక మొదటనే చెప్పవలెను. మంచును కత్తితో పొడిచినచో గొట్టము చిల్లుపడవచ్చును. నేటి అనేక యంత్రములలోని ఐసోబ్యూటేన్ మండు స్వభావము గలది. కరెంటు పోయి వచ్చిన వెంటనే కంప్రెసరు “టిక్కు”మని ఆగుట తరచు దోషము కాదు. లోపలి పీడనములు సమమగుటకు కొన్ని నిమిషములు పట్టును. వోల్టేజి తక్కువైనను మోటారు లేవలేక రక్షకసాధనము దానిని ఆపును. ప్రక్క గోడలు వెచ్చబడుటయు అట్టిదే. అనేక యంత్రములలో ఉష్ణమును వదలు గొట్టములు అచ్చటనే ఉండును. దోషము కానిదానిని దోషమని భ్రమింపజేయు పట్టిక వృథావ్యయమునకు కారణమగును.

భాష కూడ గమనింపదగినది. సీలు అను మాటను నిఘంటువు చూచి “ముద్ర” అని తర్జుమా చేసినచో ఎవరికి బోధపడును? “తలుపు రబ్బరు” అన్న చాలును.

ఉపాధ్యాయులు ఈ పట్టికను తరగతికి తెచ్చి, ప్రతి వరుసకును హేతువును వ్రాయుమని విద్యార్థులను కోరవచ్చును. గ్లాసెడు నీటిలో ప్రయోగశాల థర్మామీటరు నుంచి, రాత్రి అంతయు క్రింది అరలో ఉంచి, ఉదయము చూడవలెను. 4 లేక 5 డిగ్రీలున్నచో యంత్రము సరిగా ఉన్నట్లే. జ్వరమును కొలుచు థర్మామీటరు ఇందుకు పనికిరాదు. వంటగది తలుపులు మూసి రిఫ్రిజిరేటరు తలుపు తెరచి ఉంచినచో గది చల్లబడునా, వేడెక్కునా అని కూడ అడుగవలెను. వేడెక్కునని కారణముతో చెప్పగల విద్యార్థికి పట్టిక అవసరము అంతగా ఉండదు.