మెమో చదువు నేర్పు గురువు

అక్షరములు కూడబలుకుట యొకటి, కార్యాలయమునుండి వచ్చిన మెమోను చదివి దాని యాంతర్యమును గ్రహించుట వేఱొకటి. 1946 నాటి పారిశ్రామికోద్యోగ స్థాయీ ఉత్తర్వుల చట్టము, కొలువు నియమములను దెలుపు ఆ యుత్తర్వులను ఆంగ్లమునను, అధికసంఖ్యాకులగు కార్మికుల కర్థమగు భాషయందును, వారు లోని కేగు ద్వారముచెంత బల్లపై నుంచవలెనని శాసించినది; కాని బల్లపై నున్నదానిని బుద్ధి కెక్కించువా రెవ్వరు? పగలెల్ల యంత్రముకడ శ్రమించి రాత్రిబడికి వచ్చిన నడివయస్కుని ప్రక్కన కూర్చుండి, “అన్నా, ముందు తేదీ చూడండి; ఎవరికి రాశారో, ఏం చేయమన్నారో, ఎన్నాళ్ళలోగా చేయమన్నారో వెదకండి” అని యోర్పుతో దారి చూపు ఉపాధ్యాయుని విద్య నాకు పరమాదరణీయము. ‘ఇందుమూలముగా’, ‘సంజాయిషీ’, ‘తదుపరి చర్య’ వంటి జటిలపదముల ముడిని అతడు నిఘంటువుతో గాక ఆ కార్మికుని యనుభవముతోనే విప్పును. కాగితము ముట్టినట్లు చేయు సంతకమును, నేరము నంగీకరించుచు చేయు సంతకమును ఒకటి కావని తెలియజెప్పుట యందు అతడు చూపు శ్రద్ధ మిక్కిలి గొప్పది. ఏలయన, ఆ భేద మెఱుగక భయముతో వ్రేలిముద్ర వేసినవానికి కూలియే గాక కొలువు సైతము పోవచ్చును. చదివించిన పిదప నతడు, “అయితే రేపు పొద్దున మీరేం చేస్తారు?” అని యడుగును; చెప్పిన సమాధానము తప్పైనచో, పెద్దవాని గౌరవమునకు భంగము రానీయక, మరల మొదటి పంక్తినుండి చదివించును.