పక్కింటి తోడు, మనింటి దిబ్బరొట్టె

కృష్ణా డెల్టాలోని బంటుమిల్లి వైపు పల్లెల్లో తోడు కొనుక్కునే వస్తువు కాదు. గోరువెచ్చని పాలలో చెంచాడు పెరుగు వేస్తే తెల్లారేసరికి గిన్నెడు పెరుగు తోడుకుంటుంది. ఇంట్లో నిండుకుంటే పక్కింటికి వెళ్లి, అదీ దీపాలు పెట్టేలోపే, "వదినా, కాస్త తోడుంటే పెట్టు" అంటే చాలు.

ఆ పెరుగు పులిస్తే ఇల్లాలికి కొత్త పని దొరికినట్టే. మైదా, కాస్త బియ్యప్పిండి, జీలకర్ర, పచ్చిమిర్చి కలిపి నానబెడితే చల్ల పునుగుల పిండి సిద్ధం.

దిబ్బరొట్టెకు ఇంకా నేర్పు కావాలి. అందులో వాడే మినుము ఈ డెల్టా పంటే. కోతకు ముందే వరిచేలో చల్లితే నేలలో మిగిలిన తేమతోనే పండుతుంది. ఒక వంతు మినప్పప్పుకు రెండు వంతుల బియ్యపు రవ్వ కలుపుతారు. పప్పుతో వచ్చిన సూక్ష్మజీవులే పిండిని పొంగిస్తాయి. చలికాలంలో నిన్నటి పిండి గరిటెడు కలిపితే త్వరగా పులుస్తుంది. మందపాటి మూకుడులో నూనె ధారాళంగా పోసి, పిండి దళసరిగా వేసి, మూతపెట్టి సన్నసెగన వదిలేయాలి. పూర్వం మూతమీద కూడా నిప్పులు పోసేవారు. అంచు ఎర్రబడి మూకుడును వదిలాకే తిరగెయ్యాలి, తొందరపడితే లోపల పచ్చిగా ఉండిపోతుంది.

శాన్ ఫ్రాన్సిస్కోలోని బూడిన్ బేకరీ 1849 నాటి పులిసిన పిండినే నేటికీ కాపాడుకుంటున్నామని గర్వంగా చెప్పుకుంటుంది. మన ఆడవాళ్ల చేతిలోని తోడుకూ అంతే గౌరవం దక్కాలి. కొత్తగా వంట మొదలుపెట్టే పిల్లలకు, ఆడామగా తేడా లేకుండా, ఇంటి తోడు ఇచ్చి పంపండి. మూకుడు పక్కన నిలబెట్టి ఈ పనితనం నేర్పండి.